దంతములకు రక్షయు శిక్షయు నొక్కటియే
ఫ్లోరైడును గూర్చి ఇందూరు, బోధను ప్రాంతవాసులకొక మనవి

1937వ సంవత్సరమున తెలుగుదేశమునందు రెండు సంగతులు సంభవించినవి. ఆ రెంటికిని పరస్పర సంబంధము గలదని నాడెవ్వరును తలపోసియుండరు. మొదటిది, హైదరాబాదు రాజ్యమున బోధనునందు చక్కెర కర్మాగారము స్థాపింపబడుట. 1931లో ముగిసిన నిజాంసాగర నిర్మాణమువలన మంజీరా జలములు కాలువలగుండ పొలములకు దిగినవి. మెట్టపైరులు పండిన చోట చెఱకు తోటలు లేచినవి. కర్మాగారము చుట్టును వెలసిన పేటకు శక్కర్‌నగరమని పేరు కలిగినది. రెండవది, చెన్నరాజధానికి చెందిన నెల్లూరు జిల్లా మెట్టగ్రామములలో జనులను నడివయస్సు రాకమునుపే గూనివాండ్రనుగా, కుంటివాండ్రనుగా జేయుచున్న వ్యాధికి హేతువు త్రాగునీటియందలి ఫ్లోరైడని షార్టు అను వైద్యుడును ఆతని సహచరులును శాస్త్రపత్రిక మూలమున లోకమునకు వెల్లడించుట.

మొదటిది తీపి కథ. రెండవది చేదు కథ. చక్కెర దంతములను పుచ్చజేయును. ఆ పుచ్చును నిలువరించు ద్రవ్యములలో మిక్కిలి నమ్మదగినది ఫ్లోరైడు. ఆ ఫ్లోరైడే మితిమీరి దేహమున జేరినచో పండ్లకు గార పట్టించును. ఎముకలను బిగియజేసి మనుష్యుని మంచమునకు గట్టివేయును. ఇందూరు, బోధను ప్రాంతముల బిడ్డ యీ రెండు కథలకును నడుమ నిలిచియున్నాడు. ఒక చేత మిఠాయి, మఱియొక చేత బోరునీటి చెంబు గల యా బిడ్డకు ఫ్లోరైడు మిత్రమా, శత్రువా యని యడుగువారికి ఒక్కమాటలో నుత్తరము చెప్ప వీలులేదు. ఎంత, ఎవరికి, ఏ వయస్సున, ఏ మార్గమున అను నాలుగు ప్రశ్నలు వేసికొనిన పిమ్మటనే సరియైన సమాధానము లభించును. ఆ ప్రశ్నలు వేసికొనకయే కొందఱు భయపడుచున్నారు; కొందఱు ఏమరియున్నారు. ఈ రెండును ప్రమాదకరములే యని చెప్పుటకే యీ వ్యాసము.

చక్కెర చేయు చెఱుపు

పంటిమీది తెల్లని పెంకు మన శరీరమున కెల్ల మిక్కిలి గట్టి పదార్థము. అది కాల్షియము, భాస్వరముల కలయికచే నేర్పడిన స్ఫటికముల కూర్పు. ఇంత గట్టిదైన పెంకును కంటికి కనబడని సూక్ష్మజీవులు తొలిచివేయుచున్నవి. మనము తిన్న తీపి పండ్లసందులలో నిలిచినప్పుడు పాచియందలి సూక్ష్మజీవులు దానిని ఆహారముగా గొని ఆమ్లమును విడుచును. ఆమ్లత్వము ఒక హద్దు దాటినంతనే పెంకునుండి కాల్షియము కరగిపోవ నారంభించును. తినుట ఆపినచో లాలాజలము ఆ యామ్లమును చల్లార్చి, కరగిన కాల్షియమును కొంత మరల పంటికి చేర్చును. ఇట్లు పంటిమీద దినదినమును కరుగుట, కూడుట యను రెండు వ్యాపారములు జరుగుచుండును. రాబడికంటె వ్యయమెక్కువైన సంసారము అప్పులపాలైనట్లు, కూడుటకంటె కరుగుట యెక్కువైన పన్ను పిప్పిపన్నగును.

ఇందు గమనింపదగిన విషయమొకటి గలదు. ఎంత తీపి తింటిమను దానికంటె ఎన్నిమారులు తింటిమనునదియే పంటికి ముఖ్యము. భోజనముతోబాటు ఒకమారు తిన్న బెల్లపుముక్క చేయని కీడును, పగలంతయు గంటగంటకును చప్పరించు మిఠాయి చేయును. మాటిమాటికి త్రాగు తీపి తేనీరు, చంటిబిడ్డ నోటనుంచి నిద్రపుచ్చు చక్కెరపాల సీసా, పాఠశాల వాకిట నమ్ము రంగుల తీపినీళ్లు మన బిడ్డల దవడపండ్లను లోలోన తినివేయుచున్నవి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో ప్రకటించిన సూచన ననుసరించి, ఆహారమున కలుపుకొను తీపినుండి వచ్చు శక్తి మొత్తము శక్తిలో నూటికి 10 పాళ్లకు లోబడియుండవలెను. 5 పాళ్లకు లోబడినచో మఱింత మేలు. ఆ రెండవ హద్దు పెద్దవారికి దినమునకు సుమారు 25 గ్రాములు, అనగా ఆఱు చిన్న చెంచాలు. మన ఫలాహారశాలలలో మూడు నాలుగు కప్పుల తేనీరు త్రాగువారికి ఆ లెక్క మధ్యాహ్నమునకే ముగియును.

బోధను కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. ఒకనాడు ఆసియాఖండమునందే పెద్దదని ప్రజలు గర్వముతో చెప్పుకొనిన యా కర్మాగారపు పొగగొట్టములు చల్లారినవి. చెఱకు తోటలు పెక్కు వరిమళ్లుగా మారినవి. చెఱకు తగ్గెను గాని చక్కెర తగ్గలేదు. వెనుక పండుగలకును పెండ్లిండ్లకును మాత్రమే తీపి యెఱిగిన గ్రామములందు నేడు ప్రతి చిల్లర దుకాణమున నదియే వ్రేలాడుచున్నది.

మచ్చలనుండి తెలిసిన మేలు

ఇట్లు కరుగు పంటికి ఫ్లోరైడు రెండువిధముల తోడ్పడును. కరిగిన కాల్షియమును త్వరగా మరల పంటికి చేర్చుట యొకటి. అట్లు చేరునప్పుడు తానును స్ఫటికమున నిమిడి, పూర్వముకంటె ఆమ్లమునకు లొంగని గట్టి పెంకును నిర్మించుట రెండవది. ఈ మేలులో నధికభాగము పంటిపైన తాకుటవలన గలుగునదియే కాని, మింగుటవలన గలుగునది కాదని శాస్త్రజ్ఞులు నేడు నిర్ధారించియున్నారు. ఈ యొక్క వాక్యమును చదువరులు మనస్సున నిలుపుకొనవలెను. తరువాత చెప్పబోవు హితవంతయు దీనిపై నాధారపడియున్నది.

ఈ జ్ఞానము లభించిన తీరు విచిత్రమైనది. ఫ్లోరైడు మేలు తెలియకమునుపే దాని కీడు తెలిసినది. 1901లో మెక్కే యను యువ దంతవైద్యుడు అమెరికాదేశమున కొలరాడో స్ప్రింగ్సు పట్టణమునకు వచ్చి, అచ్చటివారి పండ్లపై గోధుమవర్ణపు మచ్చలను జూచి విస్మయము చెందెను. కారణ మడుగగా తలకొక మాట చెప్పిరి. ఆతడు ముప్పది సంవత్సరములు ఆ మచ్చల జాడ పట్టి తిరిగెను. ఐడహో రాష్ట్రమున ఓక్లీ యను చిన్న పట్టణమున తల్లులు ఆతనితో నొక సంగతి చెప్పిరి. దూరపు వేడినీటి ఊటనుండి గొట్టములు వేసి నీరు తెప్పించుకొనిన తరువాతనే తమ బిడ్డల పండ్లు చెడినవని వారి మొఱ. మెక్కే యా ఊటను మానుడని సలహా యిచ్చెను. వారు మానిరి. కొన్ని యేండ్లకు క్రొత్తగా మొలచిన పండ్లు తెల్లగా వచ్చినవి.

తుదకు 1931లో, అల్యూమినియపు కంపెనీ కార్మికులు నివసించు బాక్సైటు అను పట్టణపు లోతుబావుల నీటిని చర్చిల్ అను రసాయనజ్ఞుడు పరీక్షించి, ఆ మచ్చలకు మూలము ఫ్లోరైడని కనిపెట్టెను. ఆ పట్టణమునకు గూడ మచ్చలు వచ్చినది లోతుబావులు త్రవ్విన తరువాతనే. ఈ మాట తెలంగాణమువారు మఱవరాదు.

పిమ్మట డీను అను ప్రభుత్వ దంతవైద్యుడు 21 నగరములలో ఏడువేలకు పైబడిన బాలురను పరీక్షించి, మచ్చలు రాని కొలది ఫ్లోరైడు, అనగా లీటరునకు సుమారు 1 మిల్లీగ్రాము, గల నీరు త్రాగువారికి పిప్పిపండ్లు మిక్కిలి తక్కువయని 1942లో ప్రకటించెను. దానిపై 1945 జనవరి 25వ తేదీన మిచిగన్ రాష్ట్రపు గ్రాండ్ రాపిడ్సు నగరమున, లోకమున మొదటిసారి, త్రాగునీటిలో ఫ్లోరైడు కలిపిరి. అటుపిమ్మట నచట పుట్టిన బిడ్డలలో పిప్పిపండ్లు నూటికి 60 పాళ్లకు మించి తగ్గినవి. తరువాత ఫ్లోరైడు గల దంతలేహ్యములు బజారునకు వచ్చి, నీటిలో కలుపకయే యీ మేలును ఇంటింటికి చేర్చినవి.

మన నేల నేర్పిన చేదు పాఠము

అమెరికావారు నీటిలో ఫ్లోరైడు కలుపుకొనుచుండగా, మన దేశమున నీటినుండి ఫ్లోరైడును తీసివేయుటెట్లని చింతింపవలసివచ్చినది. తరువాత ప్రకాశము జిల్లాలో చేరిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతముల పేరు విన్నను, నల్లగొండ జిల్లా మఱ్ఱిగూడ, మునుగోడు గ్రామముల పేరు విన్నను తెలుగువారి గుండె బరువెక్కును. ముప్పదియేండ్లకే వెన్ను వంగినవారు, మెడ త్రిప్పలేనివారు, నేలపై కూర్చుండి లేవలేనివారు ఆ గ్రామములలో నొక్కరిద్దరు కారు. నల్లగొండ వ్యాధిని ఉస్మానియా వైద్యశాలకు చెందిన సిద్దిఖీ వైద్యుడు 1955లో అంతర్జాతీయ వైద్యపత్రికలో వర్ణించెను.

దీనికి కారణము మన పాదముల క్రింది రాయియే. తెలంగాణమున అధికభాగము గ్రానైటు రాతినేల. ఆ రాతిలోని కొన్ని ఖనిజములయందు ఫ్లోరైడు గలదు. రాతి పగుళ్లలో దీర్ఘకాలము నిలిచిన నీరు దానిని కరగించుకొనును. నీటిలో కాల్షియము తక్కువయై, క్షారగుణ మెక్కువయైన చోట్ల ఈ కరగుట మఱింత యధికము. పూర్వులు చెఱువు నీరు, ఊటబావి నీరు త్రాగిరి. చెఱువులు పూడి, బావులెండి, వందల అడుగుల లోతునకు బోరు గొట్టములు దింపిన పిమ్మట మనము రాతియొక్క పాతనీటిని పైకి లాగి బిడ్డలకు పోయుచున్నాము. ఆ నీరు తేటగా నుండును, రుచియు చెడదు, వాసన యుండదు. చూపునకు పాలవలె స్వచ్ఛమైన యీ నీటిలో కీడున్నదని పరీక్షింపక యెఱుంగుటకు మార్గము లేదు.

ఎంతవరకు మేలు, ఎచ్చట కీడు? భారతీయ ప్రమాణసంస్థ త్రాగునీటికి లీటరునకు 1 మిల్లీగ్రామును కోరదగిన హద్దుగా, వేఱు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాములను ఓర్వదగిన హద్దుగా నిర్ణయించినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు 1.5. ఆపైన పండ్ల గార స్పష్టమగును. 3 నుండి 6 మిల్లీగ్రాములు గల నీటిని యేండ్లతరబడి త్రాగినవారి ఎముకలు చెడును. 10 దాటినచో మనిషి అవిటివాడగును. ఈ హద్దులైనను అందఱికిని సమానముగా వర్తింపవు. నీడపట్టున రెండు లీటర్లు త్రాగువాని మాట వేఱు. వైశాఖపుటెండలో పైరు కోయుచు నాలుగైదు లీటర్లు త్రాగు కూలివాని మాట వేఱు. 1.5 మిల్లీగ్రాముల నీటిని నాలుగు లీటర్లు త్రాగినవానికి దినమునకు 6 మిల్లీగ్రాములు లోనికి పోవును. పాలును, కూరగాయలును చాలని పేదవానికి కాల్షియము కొఱత తోడై యీ కీడు ద్విగుణమగును. ఇది నీటి వ్యాధి మాత్రమే గాదు, పేదఱికపు వ్యాధి.

పండ్ల గారకొక వయస్సున్నది. స్థిరదంతముల పెంకు చిగుళ్లలోపల తయారగుచుండు కాలమున, అనగా పుట్టుక మొదలు ఎనిమిదేండ్ల వఱకు, మితిమించిన ఫ్లోరైడు చేరినప్పుడే గార పుట్టును. ముందుపండ్లకు మొదటి నాలుగైదేండ్లు మిక్కిలి ముఖ్యము. ఆ వయస్సు దాటిన తరువాత క్రొత్తగా గార రాదు. వచ్చినది తోమినను పోదు. బడిలో తోటివారు నవ్వుదురని నోరు మూసికొని మాటలాడు బాలుడు, పెండ్లిచూపులలో నవ్వని కన్య, ఆ గ్రామములలో నింటింటను గలరు. పాలబుగ్గల నాడు జరిగిన ప్రమాదమునకు జీవితాంతము మూల్యము చెల్లింపవలసియున్నది.

ఇందూరి పరిస్థితి

మన జిల్లా నల్లగొండ వంటిది కాదనుమాట నిజమే. నిజాంసాగరము, అలీసాగరము, 1963లో నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసిన పోచంపాడు శ్రీరామసాగరము ఈ నేలకు దైవమిచ్చిన వరములు. నదినుండి జలాశయమునకు వచ్చిన నీటిలో ఫ్లోరైడు సాధారణముగా స్వల్పము. అయినను కేంద్ర భూగర్భజల మండలి ప్రకటించిన ఫ్లోరైడు జిల్లాల పట్టికలో నిజామాబాదు పేరును గలదు. కాలువ పాఱు పల్లములో నొకతీరు, కాలువ యెక్కని మెట్టలో మఱియొకతీరు. అంతేకాదు, ప్రక్కప్రక్క చేలలోని రెండు బోరులలో సైతము ఫ్లోరైడు మాత్ర భిన్నముగా నుండవచ్చును. పొరుగువాని నీరు మంచిదైనంతమాత్రమున మన నీరు మంచిదని నమ్మరాదు.

2016లో ఆరంభమైన భగీరథ పథకమువలన గోదావరీ పరీవాహకపు జలాశయముల నీరు శుద్ధియై గ్రామములకు చేరినది. ఇది తెలంగాణమునకు జరిగిన గొప్ప యుపకారము. 2020లో కేంద్రప్రభుత్వము సైతము ఈ రాష్ట్రమున ఫ్లోరైడుపీడిత ఆవాసములు మిగులలేదని లెక్క చెప్పినది. కాని కొళాయి యింటివద్ద నున్నది. కూలివాడు పొలమున నున్నాడు. నాట్లకును కోతలకును వచ్చిన జనము, వారి వెంట వచ్చిన పసిబిడ్డలు, పగలంతయు మోటారు గొట్టమునొద్ద దోసిలి పట్టి త్రాగుదురు. ఇటుకబట్టీల నొద్ద, తోటల నొద్ద, ఊరికి దూరమైన గుడిసెల నొద్దను ఇట్లే జరుగుచున్నది. కొళాయి నీరు రుచింపక బోరునీటినే యింట వాడువారును గలరు. గ్రామపు లెక్కలో లేని యీ దప్పిక ఏ పట్టికలోను కనబడదు.

ఇక పట్టణవాసుల సంగతి. వీరు నదీజలమునో, యంత్రమున వడకట్టి డబ్బాలలో నమ్మెడి నీటినో త్రాగుచున్నారు. ఆ యంత్రము కీడుతోపాటు మేలునుగూడ వడకట్టివేయును. కావున నిజామాబాదు పట్టణపు బాలునికి నీటివలన లభించు ఫ్లోరైడు బహుస్వల్పము. తినెడి తీపి మాత్రము మెండు. ఇట్టివానికి ఫ్లోరైడు దంతలేహ్యము మేలుచేయు మందు. నల్లగొండ పేరు చెప్పి ఆతని చేతినుండి దానిని లాగివేయుట, వరదకు భయపడి చేనికి నీరు పెట్టకుండుట వంటిది.

భయమును భ్రమయు

ఒక చిన్న లెక్క చూడుడు. మన దేశపు చట్టము ప్రకారము దంతలేహ్యమున ఫ్లోరైడు పదిలక్షల పాళ్లకు 1000 పాళ్లు మించరాదు. ఎంత యున్నదో గొట్టముపైనను పెట్టెపైనను ముద్రింపవలెను. అనగా ఒక గ్రాము లేహ్యమున గరిష్ఠముగా 1 మిల్లీగ్రాము. పెసరగింజంత లేహ్యమును పూసి తోమి యుమిసివేయు పెద్దవాని కడుపులోనికి పోవునది అత్యల్పము. అదే కాలమున 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడుగల బోరునీటిని రెండు లీటర్లు త్రాగినచో 8 మిల్లీగ్రాములు లోనికి పోవును. అట్టివాడు లేహ్యము మానివేసి బోరునీరు మానకుండుట, తలుపు తెఱచియుంచి కిటికీకి గడియ వేయుటయే.

అయితే బిడ్డల విషయమున ఏమఱుపాటు తగదు. ప్రకటనలలో చూపునట్లు కుంచె నిండ లేహ్యము పూసినచో ఒక గ్రాము వఱకు నగును. ఫలముల రుచిగల లేహ్యమును పసిబిడ్డ యుమియడు, మిఠాయివలె మింగును. దినమునకు రెండుమార్లిట్లు మింగినచో నీరు మంచిదైనను గార రాక తప్పదు. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, మూడునుండి ఆఱేండ్ల బిడ్డకు బఠాణీగింజంత లేహ్యము చాలును. తల్లియో తండ్రియో దగ్గఱ నిలిచి తోమించి యుమియించవలెను. గొట్టమును బిడ్డ చేతికీయరాదు.

నీటిలో ఫ్లోరైడు కలుపుట మంచిదా యను వాదము పాశ్చాత్యదేశములలో నేడు మరల తలయెత్తినది. కెనడాదేశమున కాల్గరీ నగరము 2011లో కలుపుట మానెను. బిడ్డల పండ్లు చెడుటను జూచి 2025లో మరల నారంభించెను. అదే 2025లో అమెరికాలో యూటా రాష్ట్రము కలుపుటను నిషేధించెను. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించిన నీరు త్రాగు బిడ్డల బుద్ధివికాసమునకు కొంత హాని కలుగుచున్నట్లు అమెరికా ప్రభుత్వ విషపరిశోధన సంస్థ 2024లో తేల్చినది. వారు కలుపుకొను 0.7 మిల్లీగ్రాముల మాత్రవలన హాని గలదో లేదో చెప్పుటకు ఆధారములు చాలవని కూడ ఆ సంస్థయే వ్రాసినది. ఈ వాదము వారి నీటికి సంబంధించినది. మన ప్రభుత్వములు నీటిలో ఫ్లోరైడు కలుపుట లేదు. కలుపవలసిన యవసరమును మనకు లేదు. అయితే 1.5 దాటిన బోరునీరు పండ్లకును ఎముకలకును మాత్రమే గాక బిడ్డల చదువునకును ముప్పు కావచ్చునను హెచ్చరిక మాత్రము మనకే యెక్కువగా వర్తించును.

మన కర్తవ్యము

మొట్టమొదటి పని నీటిని పరీక్షించుట. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి పరీక్షాలయములు గలవు. కేంద్రప్రభుత్వపు జలజీవన పథకము క్రింద గ్రామమహిళలకు చిన్న పరీక్షాపేటికలు ఇచ్చి శిక్షణమును గఱపుచున్నారు. ఒక సీసాడు నీరు తీసికొనిపోవుటకు బద్ధకించి బిడ్డల జీవితములను పణముపెట్టుట తగునా?

ఈ విషయమున భూవసతిగల పెద్దలకు విశేషబాధ్యత గలదు. బోరు వేయించునప్పుడు ఎన్ని అంగుళముల నీరు పడినదని యడుగుదుము. ఆ నీటి గుణమెట్టిదని యడుగము. ఆ నీటిని త్రాగునది మన కుటుంబము కాదు; మన పొలమున చెమటోడ్చు వారి కుటుంబము. పరీక్షలో హద్దు మీఱినచో మోటారు గొట్టము చెంత ఎఱ్ఱరంగు పూసి, కొళాయినీటిని కుండలలో పొలమునకు చేర్పించుట యజమానుని ధర్మము. అన్నము పెట్టిన చేయి గొప్పదే. మంచినీరు పోసిన చేయి యంతకంటె గొప్పది.

రెండవది, తప్పు నమ్మకములను విడుచుట. నీటిని కాచినచో సూక్ష్మజీవులు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరావిరియైన కొలది మిగిలిన నీటిలో దాని మాత్ర హెచ్చును. గుడ్డతో వడకట్టినను, మామూలు వడపోత కుండలో పోసినను ఫలము లేదు. ఫ్లోరైడును తొలగించు పద్ధతులు వేఱు. వానిలో నొకటి నల్లగొండ జిల్లా పేరుతోనే లోకమున ప్రసిద్ధికెక్కినది. నాగపురమందలి జాతీయ పర్యావరణ పరిశోధనాలయమువారు 1970వ దశకమున పటిక, సున్నములను నీటిలో కలిపి తేర్చి ఫ్లోరైడును దించు చవుకపద్ధతిని కల్పించి, నల్లగొండ పద్ధతియని నామకరణము చేసిరి. దుఃఖమునకు గుఱుతైన యా తెలుగునాటి పేరు పరదేశములలో సైతము ఉపశమనమునకు గుఱుతై నిలిచినది. అయినను వడకట్టుటకంటె మంచినీటిని మార్చుకొనుటయే యుత్తమము. వాననీటిని నిలువచేయుట, చెఱువుల పూడికదీయుట దీనికి తోడ్పడును.

మూడవది, ఇంటిలోని యలవాట్లు. తేయాకున సహజముగానే ఫ్లోరైడు గలదు. నీటిలో నది యెక్కువైన గ్రామములలో పసిబిడ్డలకు తేనీరు పోయుట రెండింతల తప్పు. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు కాల్షియము నిచ్చి కొంత రక్షించును. బొగ్గు, ఇటుకపొడి, ఉప్పుగల్లులతో తోముట పంటి పెంకును అరగదీయును. వేపపుల్లను తృణీకరింపనక్కఱలేదు; మెత్తగా నమిలి వాడినచో పాచిని తొలగించును. అయితే పెంకును బలపఱచు ఫ్లోరైడు దానివలన లభింపదు. కాబట్టి నీటిలో ఫ్లోరైడు తక్కువయైనచోట రాత్రి పరుండబోవుటకు ముందైనను ఫ్లోరైడు లేహ్యముతో తోముకొనుట హితము. తోమిన పిమ్మట మరల తీపి తినరాదు.

నాలుగవది, ప్రభుత్వమును పంచాయతీలును చేయవలసినది. ప్రతి గ్రామమున ప్రతి ప్రజాబోరు ప్రక్కను, దాని నీటిలోని ఫ్లోరైడు మాత్రను పెద్ద యక్షరములతో వ్రాయింపవలెను. ధరల పట్టికను దుకాణమున వ్రేలాడదీయించు ప్రభుత్వమునకు ఇది కష్టమైన పని కాదు. ప్రాథమిక పాఠశాలలలో ఏటేట పండ్ల పరీక్ష జరిపించి, గార గలవారెందఱు, పిప్పిపండ్లు గలవారెందఱు అని వేర్వేఱుగా లెక్కింపవలెను. గార యెక్కువైన బడియొద్ద నీటిని మార్పవలెను. పిప్పిపండ్లు యెక్కువైన బడియొద్ద వైద్యునిచే పండ్లకు ఫ్లోరైడు పూత వేయింపవలెను. బడి ముంగిట తీపి యమ్మకమును మాన్పవలెను. పిల్లల పండ్లే ఆ యూరి నీటికిని తిండికిని సాక్షులు. ఆ సాక్ష్యమును చదువుటకు గొప్ప యంత్రములక్కఱలేదు. పగటివెలుతురున నోరు తెఱిపించి చూచిన చాలును. నిజామాబాదునందు వైద్యకళాశాలయు, సమీపమున దంతవైద్య కళాశాలయు నుండగా విద్యార్థులను ఈ పనికి పంపుట యసాధ్యము కాదు.

ఓక్లీ తల్లులకు రసాయనశాస్త్రము తెలియదు. తమ బిడ్డల పండ్లు ఎన్నటినుండి చెడినవో గుర్తుపట్టిరి, ధైర్యముతో చెప్పిరి, ఊట మార్పించిరి. మన తల్లులకును అట్టి చూపు లేకపోలేదు. ఈ వారమే మీ బిడ్డను వెలుతురునకు పిలిచి నోరు తెఱువుమనుడు. ముందుపండ్లపై సున్నపుచారలో గోధుమమచ్చలో కనబడినచో, ఆతడు పసితనమున త్రాగిన నీటిని శంకింపుడు. ఇంట నింకను పసిబిడ్డలున్నచో నేడు త్రాగుచున్న నీటిని వెంటనే పరీక్షింపించుడు. దవడపండ్లలో నల్లని గుంతలు కనబడినచో మీ యింటి చక్కెరడబ్బాను శంకింపుడు. లేహ్యపు గొట్టముపై ఫ్లోరైడు లెక్క చదువుడు. గ్రహించి వాడినవానికి ఫ్లోరైడు రక్ష, గ్రహింపనివానికి శిక్ష. ఏది కావలెనో మన చేతిలోనే యున్నది.